ఇంట్లో సెంటు చేసుకోవడం: మా వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. పుట్టిల్లు సోంపేట దగ్గర, ఉద్దానంలో. నాలుగేళ్లుగా ఇంట్లోనే చిన్న చిన్న సీసాల్లో సెంటు కలుపుకుంటున్నాను. అమ్మకానికి కాదు, సరదాకే. చుట్టాలకు, పక్కింటి వాళ్లకు ఒక్కో సీసా ఇస్తే వాసన చూసి ఊరుకోరు కదా, "ఎలా చేసేవు?" అని అడుగుతారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక అందరి ప్రశ్నలూ ఒకచోట పెట్టేశాను. చదివాక కూడా ఫోన్ చేస్తారని తెలుసు.

మా పెరట్లో మల్లెలు విరగబూస్తున్నాయి. వాటి నుంచి నూనె తీసి సెంటు చేయొచ్చా?

అందరూ మొదట అడిగేది ఇదే, అందరినీ నిరాశపరిచేదీ ఇదే. నూనె తీయలేం. మల్లెలో ఉండే సుగంధ తైలం చాలా తక్కువ, పైగా నీటి ఆవిరి వేడికి ఆ వాసన పాడైపోతుంది. ఫ్యాక్టరీల్లో పూలను హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి, మిగిలిన మైనం లాంటి ముద్దను తీసుకుంటారు. దాన్ని కాంక్రీట్ అంటారు. వెయ్యి కిలోల మల్లెలకు ఆ ముద్ద మూడు కిలోలకు అటూఇటుగా వస్తుంది. దాన్ని మళ్లీ ఆల్కహాల్‌తో కడిగితే దొరికే అసలు సరుకు అందులో సగం. మన పెరటి చెట్టు రోజుకి ఇచ్చే రెండు దోసిళ్ల పూలతో ఏం అవుతుందో లెక్క వేసుకోండి. హెక్సేన్ మంట చూస్తే భగ్గుమంటుంది, కాబట్టి ఆ పని ఇంట్లో మాట కాదు.

నూనె తీయలేకపోయినా, నూనెకు వాసన పట్టించవచ్చు. మల్లెకు ఒక గొప్ప గుణం ఉంది. కోసిన తర్వాత కూడా గంటల తరబడి కొత్తగా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. అందుకే సాయంత్రం కోసిన మొగ్గ రాత్రి పదింటికి ఇల్లంతా నింపేస్తుంది. పల్చటి నూలు గుడ్డను వాసన లేని నూనెలో తడిపి, గట్టిగా పిండి, స్టీలు పళ్లెంలో పరవండి. దాని మీద తడి లేని మొగ్గలు ఒక్క వరస పేర్చండి. పైన ఇంకో నూనె గుడ్డ కప్పి మూత పెట్టండి. తెల్లవారి పూలు తీసేసి, సాయంత్రం కొత్త మొగ్గలు పెట్టాలి. ఇలా పది, పదిహేను రాత్రులు చేసి గుడ్డలు పిండితే వచ్చే నూనెలో మల్లె వాసన మెత్తగా ఉంటుంది. కొన్న సెంటులా ఘాటుగా ఉండదు. తలకి రాసుకోవడానికి బావుంటుంది, వేరే తైలాలు కలపడానికి అడుగు నూనెగానూ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త, పూలకు తడి ఉండకూడదు. మొదటిసారి నేను పొద్దున్న మంచుతో తడిసిన సన్నజాజులు వేశాను. నాలుగో రోజుకి గుడ్డ మీద బూజు, నూనెలో పులిసిన వాసన. అన్నీ పారేశాను, గుడ్డతో సహా.

ప్రెషర్ కుక్కర్‌కి ట్యూబు పెట్టి తైలం తీసే వీడియోలు ఉన్నాయి కదా?

ఉన్నాయి, చేయకండి. రేకులు వెళ్లి ఆవిరి గొట్టానికి అడ్డం పడితే కుక్కర్ పేలొచ్చు. అంత తెగించినా చివరికి పైన తేలేది కంటికి కనిపించీ కనిపించని పొర మాత్రమే.

అదే పని వెడల్పాటి గిన్నెతో ప్రమాదం లేకుండా చేయొచ్చు. గిన్నెలో గులాబీ రేకులు, నీళ్లు వేసి, మధ్యలో చిన్న స్టాండు, దాని మీద ఖాళీ గిన్నె పెట్టండి. మూత తిరగేసి మూసి, మూత మీద ఐసు ముక్కలు వేయండి. సన్నని సెగ మీద ఆవిరి మూతకి తగిలి, చల్లబడి, మధ్య గిన్నెలోకి చుక్కలుగా పడుతుంది. అదే ఇంట్లో చేసిన పన్నీరు. ఫ్రిజ్‌లో పెట్టి పదిరోజుల్లో వాడేయండి. ఇది నూనెలో కలవదు కాబట్టి సెంటులోకి పనికిరాదు. మొహానికి మాత్రం హాయిగా ఉంటుంది.

మొగలిపువ్వు మా ఊళ్లో కంచెల నిండా ఉంటుంది. దాంతో ఏమైనా చేయొచ్చా?

ఈ ప్రశ్న కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వాళ్లది. నాకు ఇష్టమైన ప్రశ్న కూడా.

మనం జీడితోటలకూ కొబ్బరితోటలకూ కంచెగా వదిలేసిన ఈ ముళ్లపొదతో, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే గంజాం జిల్లాలో పెద్ద వ్యాపారమే నడుస్తోంది. బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజామునే పువ్వులు కోసి బట్టీలకు తీసుకెళ్తారు. రాగి డేగిశాల్లో నీళ్లు పోసి, పువ్వులు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్లి, నీళ్ల తొట్టిలో ఉంచిన ఇంకో రాగి పాత్రలో చల్లబడుతుంది. ఆ పాత్రలో ముందే గంధం నూనె పోసి ఉంచితే వచ్చేది మొగలి అత్తరు. ఏమీ పోయకుండా తీసిన స్వచ్ఛమైన తైలాన్ని రూహ్ అంటారు. గంజాం కేవడా రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బిర్యానీలో, మిఠాయిల్లో వేసే కేవడా నీళ్లు ఇదే పువ్వువి.

మొగలిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మనం జడలో పెట్టుకునే వాసన రేకులు మగ పువ్వువి. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది. వానాకాలంలో పూత ఎక్కువ. కోసిన రోజే వాసన, మర్నాటికి సగం పోతుంది.

ఇంట్లో చేయాలంటే నేను చేసే పద్ధతి ఇది. రేకుల అంచుల ముళ్లు కత్తెరతో తీసేసి, తడి గుడ్డతో కాకుండా పొడిగుడ్డతో తుడిచి, వేలెడంత ముక్కలు కోసి, గాజు సీసాలో వాసన లేని కొబ్బరినూనెలో ముంచుతాను. రెండు రోజులకి వడకట్టి కొత్త రేకులు వేస్తాను. నాలుగుసార్లు మారిస్తే చాలు. పొదలో పాములుంటాయని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఆ మాట నిజమైనా కాకపోయినా, చీకట్లో పొదలోకి చెయ్యి పెట్టకండి. ముళ్లు మాత్రం తప్పకుండా ఉంటాయి.

సరే, కొనుక్కునే చేస్తాను. మొదట ఏం కొనాలి?

చాలా తక్కువ. నాలుగు ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలు), అవి కలపడానికి వంద మిల్లీలీటర్ల జొజోబా అనే గింజల నూనె, పది మిల్లీల గాజు రోల్‌ఆన్ సీసాలు ఒక అరడజను. కొలవడానికి మందుల షాపులో ఒక మిల్లీ సిరంజి పట్టుకోండి. సూది తీసి పారేయొచ్చు. రంగు సీసాలైతే మంచిది, వెలుతురు తగిలితే తైలాలు చెడిపోతాయి.

ఏ నాలుగంటే నా మాట: వట్టివేరు, పామరోజా, తియ్య నారింజ, పచౌలి (మట్టివాసన వేసే ఒక ఆకు తైలం). వీటిలో వట్టివేరు, పచౌలి మన వేడికి తట్టుకునేవి. పామరోజా నిమ్మగడ్డి జాతి గడ్డే, కానీ వాసన గులాబీకి దగ్గరగా ఉంటుంది. అసలు గులాబీ తైలం ధర విన్నాక దీని విలువ తెలుస్తుంది. గంధం తైలం ఐదో సీసాగా, జీతం వచ్చిన నెలలో కొనుక్కోండి.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

నూటయాభై రూపాయలకి మల్లె ఎసెన్షియల్ ఆయిల్ ఇస్తున్నారంటే అది మల్లె కాదు. పైన చెప్పిన వెయ్యి కిలోల లెక్క గుర్తు చేసుకోండి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారో, బ్యాచ్ నంబరు ఉండాలి. 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్' అని ఉంటే అది ప్రయోగశాలలో కలిపిన వాసన. అదేం పాపం కాదు, కానీ పేరు మార్చి అమ్మితే మోసం.

తెల్లకాగితం మీద చుక్క వేసి చూడటం ఒక చిన్న పరీక్ష. నారింజ తైలం ఆవిరై దాదాపుగా మరక లేకుండా పోవాలి. జిడ్డు మరక మిగిలితే అందులో వంటనూనె కలిపారేమోనని అనుమానించాలి. వట్టివేరుకీ పచౌలికీ ఈ పరీక్ష చెల్లదు. అవి సహజంగానే చిక్కన, రంగు వదులుతాయి.

ఎర్రచందనం చెక్క ఉంది, సెంటులో వేయొచ్చా?

ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. దాని విలువంతా రంగులో, చెక్కలో ఉంది. వాసన ఇచ్చేది శ్రీగంధం, ఆ చెట్టే వేరు. పేరులో చందనం ఉందని మోసపోయి పొడి కొన్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. రక్షిత జాతి కాబట్టి ఎర్రచందనం దుంగలు, చెక్కల జోలికి అసలు పోకండి.

పూజకి అరగదీసిన శ్రీగంధం ముద్ద కూడా సెంటులో కలవదు, అడుగున మట్టిలా దిగిపోతుంది. సింహాచలం అప్పన్న ఒంటి మీద పూతగా అది చేసే పని వేరు.

నూనెలో కలపాలా, స్పిరిట్‌లో కలపాలా?

బజారులో దొరికే స్ప్రే సెంట్లన్నీ దాదాపుగా ఇథైల్ ఆల్కహాల్‌లో చేసినవే. ఆల్కహాల్ ఎగిరిపోతూ వాసనను గాల్లోకి మోసుకెళ్తుంది, అందుకే ఘుమ్మని కొడుతుంది. నూనె ఎగరదు. వాసన ఒంటిని అంటిపెట్టుకుని, పక్కన కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకి నేను నూనె అనే చెప్తాను. స్వచ్ఛమైన ఆల్కహాల్ పచారీ కొట్టులో దొరికేది కాదు, దానికి ఎక్సైజ్ నిబంధనలు ఉంటాయి. ఇంట్లో గ్యాస్ పొయ్యి పక్కన పెట్టుకోదగ్గ సరుకూ కాదు. పైగా మన కోస్తా వేడికి ఆల్కహాల్ సెంటు బస్సు ఎక్కేలోపు ఎగిరిపోతుంది.

జొజోబా ఎందుకంటే, అది నిజానికి ద్రవంగా ఉండే మైనం. త్వరగా పాడై ముక్కిన వాసన రాదు. వాసన లేని కొబ్బరినూనె చవక, కానీ ఇరవై నాలుగు డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున్నలో నా రోల్‌ఆన్ బంతి కదలక, దాన్ని చంకలో పెట్టుకుని వేడి చేసుకున్న రోజులున్నాయి. నువ్వులనూనెకి దాని సొంత వాసన ఉంది. పులిహోర గుర్తొస్తుంది.

శానిటైజర్‌లోనో, మందుల షాపు స్పిరిట్‌లోనో కలిపితే?

శానిటైజర్‌లో గ్లిజరిన్, నీళ్లు ఉంటాయి, జిగటగా తయారై తెల్లగా విరిగిపోతుంది. సర్జికల్ స్పిరిట్ వాసన ముందు మీ వట్టివేరు ఓడిపోతుంది, ఎవరైనా మిమ్మల్ని ఇంజెక్షన్ ఇచ్చే నర్సు అనుకుంటారు. చెక్క పాలిష్‌కి వాడే స్పిరిట్ మాత్రం ఒంటికి తగలనివ్వకండి. అందులో మిథనాల్ ఉండొచ్చు, అది విషం. చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. ఇంట్లో ఉన్న వోడ్కా వాడొచ్చా అని ఒక బావగారు అడిగారు. అందులో సగానికి పైగా నీళ్లే, తైలం కలవక పైన తేలుతుంది. అది దేనికి కొన్నారో దానికే వాడుకోండి.

ఎన్ని చుక్కలు వేయాలి? ఒక లెక్క చెప్పండి.

మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు అనుకోండి. పది మిల్లీల సీసాలో ఇరవై చుక్కల తైలం వేస్తే పది శాతం. రోల్‌ఆన్‌కి అదే పై హద్దు అని నా నియమం. చర్మం సున్నితమైన వాళ్లకి పది చుక్కలు చాలు. వట్టివేరు, గంధం లాంటి చిక్కటి తైలాల చుక్క పెద్దది, నెమ్మదిగా పడుతుంది. డ్రాపర్ వంచి తొందరపడితే ఒకేసారి మూడు పడతాయి.

కొన్నిటికి మాత్రం ఈ ఇరవై లెక్క వర్తించదు. పది మిల్లీలకి నిమ్మగడ్డి తైలం ఒక్క చుక్క, లవంగ తైలం ఒక్క చుక్క, అంతే. దాల్చినచెక్క తైలం అసలు వద్దు, చర్మం మండి బొబ్బలెక్కుతుంది. వంటింట్లో ఉండే దినుసే కదా అని ధీమా పడకండి. తైలంలో ఉండేది దినుసు కాదు, గుప్పెళ్ల కొద్దీ దినుసుల సారం.

తలనొప్పి లేని ఒక కలయిక చెప్పండి.

ఇది నా పాతది. పది మిల్లీల సీసాలో వట్టివేరు 4 చుక్కలు, గంధం 4, పామరోజా 5, తియ్య నారింజ 7. మిగతాదంతా జొజోబా. గంధం లేకపోతే దాని బదులు పచౌలి 3 చుక్కలు చాలు, అది పెత్తనం చేసే రకం.

ఈ వరసలోనే వేయండి, బరువైనవి ముందు, తేలికవి చివర. రాసుకోగానే మొదట నారింజ పలకరిస్తుంది, పావుగంటలో వెళ్లిపోతుంది. తర్వాత పామరోజా గంట, రెండు గంటలు. సాయంత్రానికి మణికట్టు మీద మిగిలేది వట్టివేరు, గంధం. తొలకరి వానకి తడిసిన మట్టిలా ఉంటుంది. సెంటు చేసేవాళ్లు వీటిని పైస్వరం, నడిమిస్వరం, అడుగుస్వరం అని మూడుగా చెప్తారు. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు. అడుగున బరువైనది లేకపోతే పైన ఏది వేసినా నిలవదని గుర్తుంటే చాలు.

సీసాలో వేసే ముందు కాగితం మీద చూసుకోండి. డ్రాయింగ్ పుస్తకం కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ కొసకి ఒక్కో తైలం అంటించి, అన్నీ కలిపి విసనకర్రలా ముక్కు ముందు ఆడించండి. నచ్చకపోతే కాగితమే పోతుంది, తైలం పోదు. వేసిన చుక్కలు నోటుపుస్తకంలో రాసుకోవడం మరవకండి. నా జీవితంలో వచ్చిన అన్నిటికంటే మంచి వాసన ఏదో కలిపి, రాసుకోక పోగొట్టుకున్నాను. ఇప్పటికీ మళ్లీ రాలేదు.

కలిపిన వెంటనే వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఊరగాయ కలిపిన రోజే తిన్నట్టు ఉంటుంది. మూడు వారాలు చీకటి అలమరలో పెట్టి, రోజు విడిచి రోజు మెల్లగా ఊపండి. మొదటి రోజు విడివిడిగా అరిచిన వాసనలు అప్పటికి ఒక మాట మీదికి వస్తాయి.

రాసుకున్న గంటకే వాసన పోతోంది. ఎందుకు?

సగంసార్లు వాసన పోలేదు, మీ ముక్కు అలవాటు పడింది. పక్కనున్న వాళ్లని అడగండి. కాఫీగింజలు వాసన చూస్తే ముక్కు శుభ్రమవుతుందంటారు. నాకైతే నా మోచేతి మడత వాసన చూసుకోవడమే పనిచేసింది.

మిగతా సగం మన వాతావరణం. చెమటకి కొట్టుకుపోతుంది, వేడికి తేలిక వాసనలు త్వరగా ఎగిరిపోతాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఒక నిమ్మ వాసన సెంటు రాసుకుని బయల్దేరాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడేసరికే దాని ఆచూకీ లేదు. ఆ తర్వాతే వట్టివేరు పాళ్లు పెంచడం నేర్చుకున్నాను. స్నానం చేసి తుడుచుకున్నాక, ఒంట్లో కాస్త తేమ ఉండగానే చెవి వెనక, మోచేతి మడతలో, మెడ వెనక రాయండి. మణికట్లు రెండూ రుద్దుకునే అలవాటుంటే మానేయండి.

ఎండలో ఏమైనా అవుతుందా?

అవుతుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తొక్కను పిండి తీసిన నిమ్మ తైలం, బర్గమాట్ (నిమ్మజాతి కాయ) తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే ఆ మేరకు చర్మం కమిలిపోయి, నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. అవి రాసుకుంటే ఆ చోటికి కనీసం పన్నెండు గంటలు ఎండ తగలనివ్వకూడదు. కళింగపట్నం బీచికి వెళ్లే రోజు అసలు వద్దు. తియ్య నారింజకు ఈ బాధ దాదాపుగా లేదు, అందుకే పై కలయికలో అది పెట్టాను. అయితే ఏడాది దాటిన పాత నారింజ తైలం గాలికి మారిపోయి దురద పెట్టగలదు. వాసనలో తేడా కనిపిస్తే ఇల్లు తుడిచే నీళ్లలో వేసేయండి.

ఏ కొత్త కలయికైనా ముందు మోచేతి లోపలి వైపు ఒక్క చుక్క రాసి ఒక రోజు ఆగండి. వీలైతే రెండు రోజులు. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ సీసా మీది కాదు.

చంటిపిల్లలకి, గర్భిణులకి రాయొచ్చా?

రాయొద్దు. చంటిపిల్లల దగ్గర కర్పూరం, యూకలిప్టస్ తైలాలు పెట్టకండి. పిల్లాడు నోట్లో పోసుకుంటే కర్పూరం కొద్దిగానే అయినా ఫిట్స్ తెప్పిస్తుంది. సీసాలు అందని ఎత్తులో, మూత బిగించి ఉంచండి. ఏదైనా తాగేస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసా చేత్తో పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు వాళ్ల డాక్టర్ని అడిగాకే. పిల్లిని పెంచుతుంటే ఈ సీసాలు దాని దరిదాపుల్లో వద్దు. పిల్లి కాలేయం వీటిని అరిగించుకోలేదు.

బట్టల మీద రాసుకోవచ్చా?

నూనె సెంటు అయితే వద్దు. మా నాన్నగారి పొందూరు ఖద్దరు పంచె కొస మీద నా పచౌలి మరక ఇంకా ఉంది. పండక్కి కట్టుకున్న ప్రతిసారీ ఆ కొస లోపలికి మడిచి దోపుకుని, నా వైపు ఒక చూపు చూస్తారు. బట్టలకి వాసన కావాలంటే వట్టివేళ్ల కట్ట ఒకటి పంచెల మడతల మధ్య పెట్టండి. పూజాసామాను కొట్లో దొరుకుతుంది, మరక పడదు.

చేసినవి అమ్ముకోవచ్చా?

సెంటు చట్టం ప్రకారం కాస్మెటిక్ కిందికి వస్తుంది. అమ్మకానికి తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ నియమాల కింద తయారీ లైసెన్సు కావాలి, దానికి తగ్గ గది, రికార్డులు, లేబుల్ అన్నీ ఉండాలి. ఇంట్లో పొయ్యి గట్టు మీద కలిపి స్టేటస్‌లో ఫొటో పెట్టి అమ్మడం కుదరదు. బంధువుల పెళ్లికి కానుకగా ఇవ్వడం వేరు. అప్పుడైనా సీసా మీద ఏమేం వేశారో, ఏ తేదీన కలిపారో చిన్న చీటీ అంటించండి. ఎవరి ఒంటికి ఏది పడదో మనకెలా తెలుస్తుంది?

ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

జొజోబాలో కలిపినది ఏడాది. నారింజ, నిమ్మ ఎక్కువ ఉంటే ఇంకా తక్కువ. వట్టివేరు, గంధం, పచౌలి విడిగా సీసాలో ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడతాయి. ఆ మూడూ పాతబడ్డాయని ఎవరైనా పారేస్తానంటే నాకు ఫోన్ చేయండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను.